అందరికీ చోటున్న ఆట



పెందుర్తిలో మా సంఘ యౌవనస్థులు సాయంత్రాలు వాలీబాల్ ఆడతారు. చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో రెండు ఇనుప పైపులు పాతి నెట్ కట్టుకున్నారు. స్టీల్‌ప్లాంటులో ఏ షిఫ్టు ముగించుకొని వచ్చే ఒక సహోదరుడు, బడిలో వ్యాయామం నేర్పే మరొక సహోదరుడు వారికి ఆట నేర్పుతారు. గత క్రిస్మస్‌కు చుట్టుపక్కల సంఘాల పిల్లలను పిలిచి పోటీలు పెట్టాము. మా జట్టే గెలిచింది. ఆదివారం ఆరాధనలో కప్పు చూపించి, పిల్లలను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టాము.

ఆ చప్పట్లలో ఒక సంగతి మేము గమనించలేదు. ఏడాది పొడుగునా అందరికంటే ముందు వచ్చి నెట్ కట్టి, అందరూ వెళ్లిపోయాక విప్పి మడతపెట్టిన ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడున్నాడు. పోటీల రోజున వాణ్ణి ఒక్క పాయింటుకు కూడా లోపలికి దింపలేదు. పొట్టివాడు, సర్వీస్ నెట్ దాటదు, గెలిచే ఆట పోగొట్టుకోవడం ఎందుకని బెంచీ మీద కూర్చోబెట్టాము. ఆ తరువాతి వారం వాడు గ్రౌండుకు రాలేదు. ఆ పై ఆదివారం సండే స్కూలుకూ రాలేదు.

ఈ విషయమై పెద్దలమూ నేర్పేవారమూ కూర్చొని మాట్లాడుకున్నప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఆటను మొదట తయారుచేసింది ఎవరు, ఎవరి కోసం? వెతికి చదివాము. చదివాక సిగ్గుపడ్డాము. ఆ మనిషి జీవితాన్ని ఈ వారం మీ ముందు పెడుతున్నాము. ఆయన పేరు విలియం జి. మోర్గాన్.

మోర్గాన్ 1870 జనవరి 23న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్ అనే ఊళ్లో పుట్టాడు. ఈరీ కాలువ ఒడ్డున, పడవల రాకపోకల మీద పెరిగిన ఊరు అది. ఇరవయ్యేళ్లు దాటాక, 1891లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని మౌంట్ హెర్మన్ పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాలను పదేళ్ల ముందు, 1881లో, స్థాపించినవాడు సువార్తికుడు డి. ఎల్. మూడీ. మన సంఘాల్లో ఆ పేరు తెలియని పెద్దలు తక్కువ. చెప్పుల దుకాణంలో పనిచేసిన మూడీకి తాను చదువుకోలేకపోయానన్న బాధ ఉండేది. డబ్బు లేని ఇళ్ల పిల్లలకు చదువూ వాక్యమూ రెండూ అందాలని ఆ బడి పెట్టాడు.

అక్కడే మోర్గాన్‌కు జేమ్స్ నైస్మిత్ తారసపడ్డాడు. నైస్మిత్ దైవశాస్త్రం చదివి, ఆ తరువాత వ్యాయామ విద్యలోకి వచ్చినవాడు. 1891 డిసెంబరులో, చలికాలంలో గదిలో ఆడుకోవడానికి రెండు పళ్ల బుట్టలు కట్టి బాస్కెట్‌బాల్‌ను పుట్టించింది ఆయనే. మోర్గాన్ ఎత్తు, బలం గలవాడు, ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. నైస్మిత్ అతని ఆట చూశాడు. చూసి మెచ్చుకొని ఊరుకోలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలకు వచ్చి, ఇతరులకు నేర్పే విద్య నేర్చుకోమని ప్రోత్సహించాడు. మోర్గాన్ వెళ్లాడు. ఒక పెద్దవాడు ఒక చిన్నవాడిలోని వరాన్ని చూసి దారి చూపించడం వల్ల ఎంత జరిగిందో మీరే చూడండి. ఈనాడు ప్రపంచమంతా ఆడే రెండు ఆటలు, బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఈ ఇద్దరి నుంచి వచ్చినవే.

వైఎంసీఏ అంటే క్రైస్తవ యౌవనుల సమాజం. 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ అనే బట్టల కొట్టు ఉద్యోగి, తనలాగే పల్లెల నుంచి వచ్చి పట్నంలో దారి తప్పుతున్న కుర్రవాళ్ల కోసం స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన ప్రార్థన కూడిక అది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వ్యాయామ విభాగానికి పెద్దగా ఉన్న లూథర్ గులిక్ మిషనరీ దంపతుల కుమారుడు. దేహం, మనస్సు, ఆత్మ మూడూ కలిసినవాడే సంపూర్ణ మనుష్యుడని ఆయన నేర్పాడు. వైఎంసీఏ గుర్తులో నేటికీ కనిపించే త్రిభుజం ఆయన ఇచ్చినదే. ఆటస్థలం దేవునికి బయటి స్థలం కాదని నమ్మే మనుష్యుల మధ్య మోర్గాన్ పెరిగాడు.

1894లో చదువు ముగించి, మెయిన్ రాష్ట్రంలోని ఆబర్న్ వైఎంసీఏలో ఏడాది పనిచేశాడు. 1895లో హోలియోక్ అనే ఊరికి వ్యాయామ దర్శకుడిగా వచ్చాడు. హోలియోక్ కాగితపు మిల్లుల ఊరు. మన గాజువాకలో, మల్కాపురంలో షిఫ్టు సైరన్ మోగితే రోడ్డు నిండిపోయినట్టే, అక్కడా మిల్లుల వేళలను బట్టే బతుకు నడిచేది. సాయంత్రాలు పనులు ముగించుకొని రకరకాల వయసులవారు మోర్గాన్ తరగతులకు వచ్చేవారు.

కుర్రవాళ్లకు బాస్కెట్‌బాల్ ఉంది. పరుగెత్తుతారు, గుద్దుకుంటారు, పడతారు, లేస్తారు. కానీ ఆ తరగతుల్లో నడివయసు వ్యాపారస్థులూ, దినమంతా కుర్చీలో కూర్చొని పనిచేసినవారూ ఉన్నారు. వారికి ఆ వేగం పడలేదు. ఉత్త కసరత్తులు చేయిస్తే విసుగు. ఇక వారు రావడం మానేస్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మోర్గాన్ వయసు అప్పటికి ఇరవై అయిదు. తాను బలవంతుడు, ఫుట్‌బాల్ ఆడినవాడు. తనలాంటివారితో మంచి బాస్కెట్‌బాల్ జట్టు కట్టి, పక్క ఊళ్ల మీద గెలిచి పేరు తెచ్చుకోవచ్చు. వెనుకబడినవారు వారి బలహీనత వల్లే వెనుకబడ్డారని వదిలేస్తే అడిగేవారు లేరు. ఆయన అలా అనుకోలేదు. వీరు ఆటకు సరిపోకపోతే, వీరికి సరిపోయే ఆట కావాలనుకున్నాడు.

టెన్నిస్ గుర్తుకొచ్చింది. కానీ దానికి బ్యాట్లు కావాలి, ఒక్కసారి ఇద్దరో నలుగురో మాత్రమే ఆడగలరు. బ్యాట్లు తీసేసి నెట్ ఒక్కటే ఉంచుకున్నాడు. దాన్ని ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున, అంటే సగటు మనిషి తల కంటే కొంచెం పైకి కట్టాడు. నెట్ మధ్యలో ఉంటే అవతలివాడు వచ్చి గుద్దే భయం లేదు. బంతి కోసం బాస్కెట్‌బాల్ లోపలి రబ్బరు బ్లాడరు వాడి చూశాడు, అది మరీ తేలిక, మెల్లగా పోయేది. బాస్కెట్‌బాల్‌నే వాడి చూశాడు, అది మరీ బరువు. చివరకు దగ్గరలోనే ఉన్న స్పాల్డింగ్ కంపెనీవారిని అడిగి తోలు కప్పిన కొత్త బంతి చేయించాడు. దాని చుట్టుకొలత 25 నుంచి 27 అంగుళాలు. నూట ముప్పై ఏళ్లు గడిచినా, నేడు మన పిల్లలు ఆడే బంతి పరిమాణం దాదాపు అదే.

ఆ ఆటకు మోర్గాన్ మొదట పెట్టిన పేరు మింటనెట్. ఆయన రాసుకున్న తొలి నియమాల్లో రెండింటిని మా గుంపులో పదేపదే చదువుకున్నాము.

మొదటిది, కోర్టులో ఎంతమందైనా ఆడవచ్చు. ఆరుగురే అన్న లెక్క అప్పుడు లేదు. అది 1918లో వచ్చింది. మోర్గాన్ కట్టిన కోర్టుకు బెంచీ లేదు. వచ్చినవారందరూ లోపలే.

రెండవది, సర్వీస్ తప్పితే మరొక అవకాశం ఉంది. ఒక్కసారి బంతి నెట్‌కు తగిలిందని ఆడేవాడి వంతు పోదు. చేయి వణికినవాడు ఊపిరి పీల్చుకొని మళ్లీ కొట్టవచ్చు.

ఈ రెండు నియమాలూ తరువాతి కాలంలో మారిపోయాయి. పోటీ ఆటకు లెక్క ఉండాలి, తప్పదు. అయితే ఏ మనస్సులో నుంచి ఆ నియమాలు వచ్చాయో ఆ మనస్సు మారవలసిన పని లేదు.

1896లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ వ్యాయామ దర్శకులందరి సమావేశం జరిగింది. గులిక్ కోరిక మీద మోర్గాన్ తన ఆటను అక్కడ చూపించాడు. జట్టుకు అయిదుగురు చొప్పున రెండు జట్లు తీసుకువెళ్లాడు. ఎవరిని తీసుకువెళ్లాడో చూడండి. ఒక జట్టుకు నాయకుడు హోలియోక్ మేయరు, రెండో జట్టుకు నాయకుడు ఊరి అగ్నిమాపక దళాధికారి. పదిమందినీ తన తరగతుల్లో నుంచే తీసుకువెళ్లాడు.

చూస్తున్నవారిలో ఆల్ఫ్రెడ్ హాల్‌స్టెడ్ అనే అధ్యాపకుడు, బంతి నేల తాకకుండా అటూ ఇటూ గాలిలో పోతూ ఉందని గమనించి, ఆ అర్థం వచ్చేలా వాలీబాల్ అని పిలిస్తే బాగుంటుందని సూచించాడు. తాను పెట్టిన పేరు మార్చమంటే ఎవరికి రోషం రాదు? మన సంఘాల్లో కూడికకు పెట్టిన పేరు మారిస్తేనే సంవత్సరాల తరబడి మాట్లాడుకోని పెద్దలున్నారు. మోర్గాన్ ఒప్పుకున్నాడు. అంతే కాదు, తన నియమాలను ఆ సమావేశంలోని తోటి దర్శకుల ముందు పెట్టి, చూడండి, సరిదిద్దండి అని అప్పగించాడు. మరుసటి ఏడాది, 1897లో, ఆ నియమాలు వైఎంసీఏ క్రీడల చేతిపుస్తకంలో అచ్చయ్యాయి.

ఆ తరువాత ఆయన జీవితం మామూలు మనిషి జీవితం. వైఎంసీఏ ఉద్యోగం విడిచి, జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ వంటి కంపెనీల్లో పనిచేశాడు. తిరిగి తన ఊరు లాక్‌పోర్ట్ చేరాడు. ఆట మాత్రం ఆయనను దాటి వెళ్లిపోయింది.

వెళ్లింది వైఎంసీఏ సేవకుల చేతుల మీదుగానే. కెనడాకు, చైనాకు, జపానుకు, ఫిలిప్పీన్స్‌కు ఒక బంతి, ఒక నెట్ పట్టుకొని వెళ్లారు. 1916లో ఫిలిప్పీన్స్ ఆటగాళ్లు కొత్త పద్ధతి కనిపెట్టారు. ఒకడు బంతిని నెట్ దగ్గర పైకి ఎత్తి ఇస్తాడు, మరొకడు ఎగిరి కొడతాడు. ఈనాడు మనం లిఫ్ట్, స్మాష్ అంటున్నది అదే. నడివయసువారి కోసం పుట్టిన ఆట ఆనాటి నుంచి కుర్రవాళ్లను కూడా పట్టుకుంది.

మన దేశానికి కూడా ఈ ఆటను తెచ్చింది వైఎంసీఏవారే. మోర్గాన్ హోలియోక్‌లో నెట్ కట్టిన అదే 1895లో, ఇక్కడ దక్షిణ భారతంలో ఒక యౌవనస్థుడు వైఎంసీఏ సేవకుడిగా పనిలో చేరాడు. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో తెలుగు గడ్డ మీద దోర్నకల్‌కు బిషప్పుగా వచ్చి, మన పల్లెల్లో చెట్ల కింద సువార్త చెప్పిన అజరయ్యగారు కూడా యౌవనస్థుల మధ్య పనిచేసే నేర్చుకున్నారు.

1919లో హ్యారీ క్రో బక్ అనే స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థి మద్రాసు వచ్చాడు. మరుసటి ఏడాది, 1920లో, వ్యాయామం నేర్పేవారికి నేర్పే పాఠశాలను అక్కడ స్థాపించాడు. మన దేశంలో ఆ రకం పాఠశాలల్లో అది మొదటిది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు కూడా ఆయనే. కానీ ఆయన అసలు పని ఆటగాళ్లను తయారుచేయడం కాదు, గురువులను తయారుచేయడం. అప్పట్లో విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మన తాతలు డ్రిల్లు మాస్టారని పిలిచిన తరానికి చదువు చెప్పిన తొలి బడి అది. బక్ 1943లో మద్రాసులోనే కన్నుమూశాడు.

అంతకు కొన్ని నెలల ముందే, 1942 డిసెంబరు 27న, క్రిస్మస్ ముగిసిన రెండో రోజున, మోర్గాన్ లాక్‌పోర్ట్‌లో చనిపోయాడు. వయసు 72. అప్పటికి వాలీబాల్ ఒలింపిక్స్‌లో లేదు. ప్రపంచ సమాఖ్య కూడా లేదు. అది 1947లో ఏర్పడింది. మన దేశపు సమాఖ్య 1951లో వచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో పురుషులకూ స్త్రీలకూ ఒకేసారి ఈ ఆటకు చోటు దొరికింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మన దేశం కాంస్యం గెలిచిన జట్టులో తెలుగువాడైన పి. వి. రమణ ఉన్నారు. వారి భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఆ దంపతుల కుమార్తె సింధు పేరు మన ఇళ్లల్లో ప్రతి ఆడపిల్లకూ తెలుసు. వీటిలో ఏదీ మోర్గాన్ చూడలేదు. 1985లో హోలియోక్‌లోని వాలీబాల్ కీర్తి మందిరంలో మొట్టమొదటి పేరుగా ఆయన పేరు చేర్చారు. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది.

ప్రియులారా, ఈ జీవితంలో మనకు కనబడేది ఏమిటి? విత్తినవాడు వేరు, కోసినవాడు వేరు అన్న సంగతి మనకు లేఖనాల్లో కొత్త కాదు. దానికంటే దగ్గరగా మమ్మల్ని తాకిన సంగతి మరొకటుంది. ఈ ఆట పుట్టిందే పక్కన కూర్చోవలసివచ్చిన వారి కోసం. అలాంటి ఆటలో, దేవుని ఇంటి గోడ పక్కన, మేము ఒక పిల్లవాణ్ణి ఏడాదంతా సేవ చేయించుకొని పక్కన కూర్చోబెట్టాము.

అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి శరీరాన్ని గూర్చి రాసినప్పుడు, బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవసరమని నేర్పాడు. దానిమీద ప్రసంగాలు ఎన్నో విన్నాము. గ్రౌండులో మరచిపోయాము. బర్నబాను జ్ఞాపకం చేసుకోండి. పంఫూలియలో పనిని విడిచి వెనక్కి వెళ్లిన మార్కును మళ్లీ వెంటబెట్టుకొని వెళ్లినవాడు ఆయన. అప్పట్లో పౌలుకు అది తప్పుగా తోచింది. కానీ చివరి రోజుల్లో తన పరిచర్యకు ఆ మార్కే కావాలని అడిగినవాడు కూడా పౌలే. రెండో సర్వీస్ ఇచ్చే ఒక బర్నబా లేకపోతే మార్కు ఏమయ్యేవాడు?

అందుకని మా నేర్పేవారితో కలిసి కొన్ని మార్పులు చేసుకున్నాము. మీ సంఘాల్లో ఉపయోగపడతాయేమోనని రాస్తున్నాము.

పెద్ద పురుషుల పోటీల్లో నెట్ ఎత్తు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24. మేము ఇన్నాళ్లూ పన్నెండేళ్ల పిల్లలను కూడా పెద్దల నెట్ కిందే నిలబెట్టాము. సర్వీస్ దాటడం లేదని వారిని తప్పుపట్టాము. ఇప్పుడు పైపులకు కింద మరో కొక్కెం వేయించి, చిన్నవారు ఆడే గంటలో నెట్ దించుతున్నాము. గీత కూడా ముందుకు జరిపాము. ఎత్తు తగ్గించగానే, చేతకాదనుకున్న నలుగురి సర్వీస్‌లు ఆ సాయంత్రమే అవతల పడ్డాయి.

స్మాష్ కొట్టేవాణ్ణి పొగిడినంతగా బంతి ఎత్తి ఇచ్చేవాణ్ణీ, కింద పడబోయే బంతిని లేపినవాణ్ణీ పేరు పెట్టి పొగడాలని నిర్ణయించుకున్నాము. ఒక జట్టు మూడు సార్లు బంతిని తాకవచ్చు. చప్పట్లు మూడో చేతికే వెళ్తాయి. నేర్పేవాడి కన్ను మొదటి రెండు చేతుల మీద ఉండాలి.

తప్పు చేసిన పిల్లవాణ్ణి అందరిలో అరవకూడదు. ఆట ముగిశాక పక్కకు పిలిచి, ఏం చేయాలో చూపించాలి. ఎదిగే వయసు పిల్లల చేత భుజం నొప్పి పుట్టేదాకా స్మాష్‌లు కొట్టించకూడదు. నొప్పి అన్నవాడిని ఆ రోజుకు ఆపాలి. మే నెల ఎండలో ఆరు దాటాకే ఆట. ఆడపిల్లలకు వేరే వేళ, తల్లులలో ఒకరు తప్పక అక్కడ ఉండాలి, చీకటి పడకముందే ఇంటికి పంపాలి. పదో తరగతి పరీక్షల నెలలో అరగంట చాలు. అయితే పూర్తిగా మాన్పించవద్దని తల్లిదండ్రులను బతిమాలుతున్నాము.

ఇక పోటీలు పెట్టినప్పుడు, పేరు ఇచ్చిన ప్రతి బిడ్డా ప్రతి మ్యాచ్‌లో ఒక సెట్టులోనైనా ఆడాలి. దీనివల్ల ఓడిపోవచ్చు. ఓడిపోదాం. మా పెద్దలలో ఒకాయన దీనికి మొదట ఒప్పుకోలేదు. గెలుపు కూడా సాక్ష్యమే కదా అన్నది ఆయన ఆలోచన. ఆ మాటను మేము తేలికగా తీసుకోలేదు. బాగా ఆడే పిల్లలకు జిల్లా జట్టుకు వెళ్లే దారి కావాలి, వారికి పెద్దల నెట్ మీద వేరే సాధన ఉండనే ఉంది. కానీ సంఘం పేరు మీద ఆడే ఆటలో మాత్రం లెక్క వేరు.

ఆ కుర్రవాడి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. నేర్పే సహోదరులిద్దరూ, కాపరిగారూ వాడి ఇంటికి వెళ్లారు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి పనికి పోయివచ్చే సరికి రాత్రవుతుంది. వాడు లోపలి గదిలోంచి చాలాసేపు రాలేదు. వచ్చాక, పెద్దవాళ్లు ముగ్గురూ వాడి ముందు తమ తప్పు ఒప్పుకున్నారు. వాడు ఏమీ అనలేదు. రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం సైకిలు మీద వచ్చి గోడ అవతల నిలబడి చూశాడు. ఎవరూ వాణ్ణి నెట్ కట్టమని అడగలేదు. నెట్ మేమే కట్టాము. వాణ్ణి సర్వీస్ గీత దగ్గరకు రమ్మని పిలిచాము. ఆ రోజు రాలేదు. మళ్లీ పిలుస్తాము.

మోర్గాన్ నెట్ కట్టి ముందుగా చూసింది ఎవరు బాగా కొడతారని కాదు, ఎవరు బయట ఉండిపోయారని. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘపు గ్రౌండు వైపు ఒకసారి నడిచి, గోడ అవతల ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూడండి. బెంచీ మీద ఎంతసేపటి నుంచి ఎవరు కూర్చున్నారో అడగండి. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి, పిల్లలకు ఆట నేర్పే మన సహోదరులకు, సహోదరీలకు ఆ కన్నునూ ఆ ఓర్పునూ దయచేయును గాక. ఆమేన్.